మాయలో (ప్లాసెంటాలో) 6 సెంటీమీటర్ల కణితి, కోరియోయాంజియోమా అన్నారు. దీని గురించి తెలిసినవారు ఉన్నారా?

తొలకరి
మార్చి 3, రాత్రి 11:40

నిద్ర పట్టక రాస్తున్నాను. నాకిప్పుడు 23 వారాల 2 రోజులు. 20వ వారం స్కానింగులో మాయ దగ్గర ఏదో గడ్డ ఉందని, ఫైబ్రాయిడ్ అయి ఉంటుందని, చాలామందికి ఉండేదేనని చెప్పి పంపించారు. మేమూ మరిచిపోయాం. ఈరోజు మరోచోట స్కానింగ్ చేసిన డాక్టరు గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రక్తప్రవాహాన్ని చూపే రంగుల డాప్లర్ పెట్టి చూసి, “ఇది ఫైబ్రాయిడ్ కాదమ్మా, మాయలోనే పుట్టిన రక్తనాళాల కణితి. 6.1 సెంటీమీటర్లు ఉంది” అన్నారు. క్యాన్సరా అని అడిగితే కాదన్నారు. నేను తేరుకునేలోపే “కానీ” అన్నారు. ఆ “కానీ” తర్వాత ఆయన చెప్పినదేదీ నా చెవికెక్కలేదు.

రిపోర్టులో ఉన్నవి ఇవి: కణితి బొడ్డుతాడు మాయకు అతుక్కునే చోటికి దగ్గరగా ఉంది. ఉమ్మనీటి సూచిక 21. శిశువు గుండె పరిమాణం సాధారణం. ఎంసీఏ పీఎస్‌వీ 1.2 ఎంఓఎం. ఈ చివరి మాట ఏ భాషో కూడా అర్థం కాలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. రెండు వారాలు ఎలా ఆగాలి?


కోనేటిమెట్టు
మార్చి 4, ఉదయం 6:15

తొలకరి గారూ, మీకు వచ్చినదీ మా పాపకు వచ్చినదీ ఒకటి కాదు. మా పాపకు తల మీద, చెవి వెనుక రక్తనాళాల కణితి ఉండేది. 30వ వారంలో బయటపడింది. ఇప్పుడు పాపకు మూడేళ్లు. వివరాలు మళ్లీ రాస్తాను. ఆ “కానీ” నాకూ తెలుసని చెప్పడానికి ముందు ఈ రెండు ముక్కలు.


ధ్వనిచిత్రం
మార్చి 4, ఉదయం 8:50

నేను గర్భస్థ శిశువుల స్కానింగ్ చేసే వైద్యురాలిని. మీ రిపోర్టు చూడకుండా మీ గురించి తీర్పు చెప్పలేను. అందులోని మాటలకు అర్థం మాత్రం చెప్పగలను.

మాయలో ఉండే రక్తనాళాలు మీవి కావు, బిడ్డవి. బిడ్డ గుండె కొట్టే రక్తమే బొడ్డుతాడు గుండా మాయలోకి వెళ్లి, మీ రక్తం నుంచి ప్రాణవాయువు, పోషకాలు తీసుకుని తిరిగి వస్తుంది. కోరియోయాంజియోమా ఆ నాళాలే ఒకచోట గుంపుగా, అదుపు లేకుండా పెరిగిన కణితి. అది క్యాన్సర్ కాదు, బిడ్డ ఒంట్లోకి పాకదు. 1798లోనే జాన్ క్లార్క్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. పుట్టుక తర్వాత మాయలను సూక్ష్మదర్శిని కింద శ్రద్ధగా వెతికితే నూటికి ఒకదానిలో చిన్నచిన్నవి కనిపిస్తాయి. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాదు. 4 సెంటీమీటర్లు దాటినవి అరుదు. అటువంటివి కొన్ని వేల కాన్పులకు ఒకటి ఉంటాయి. డాక్టరు గారి “కానీ” వాటి గురించే.

అపాయం ఎక్కడుందంటే, ఆ కణితిలోకి వెళ్లిన రక్తం ఏ పనీ చేయకుండా తిరిగి వస్తుంది. పొలానికి వెళ్లాల్సిన కాలువకు గండి పడితే నీరు పారుతూనే ఉంటుంది, పైరు మాత్రం తడవదు. బిడ్డ గుండె ఆ వృథా ప్రవాహాన్నీ తోయాలి, అసలు పనికి కావలసిన రక్తాన్నీ తోయాలి. కొంతకాలం తోస్తుంది. భారం మరీ పెరిగితే గుండె ఉబ్బుతుంది, కవాటాలు కారతాయి, చివరికి బిడ్డ చర్మం కింద, పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. దాన్నే హైడ్రాప్స్ అంటాం.

ఇక మీకు అర్థం కాని మాట, ఎంసీఏ పీఎస్‌వీ. బిడ్డ మెదడులోని ఒక ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలిచే లెక్క అది. రక్తం పలచబడితే వేగం పెరుగుతుంది. ఆ వయసు శిశువులకు ఉండే మధ్యస్థ వేగానికి ఇది ఎన్ని రెట్లు అన్నదే ఎంఓఎం. 1.5 దాటితే రక్తహీనత ఉందేమోనని అనుమానిస్తాం. మీది 1.2. సూది గుచ్చకుండానే బిడ్డ రక్తం గురించి ఇంత తెలుస్తుండడం ఈ ఇరవై అయిదేళ్లలో మాకు దక్కిన వరం.

ఉమ్మనీరు 25 దాటితే ఎక్కువ అంటాం. మీకు 21. రెండు వారాల తర్వాత రమ్మనడంలో అలసత్వం ఏమీ లేదు. అంకెలు మారితే వారానికోసారి, అవసరమైతే ఇంకా తరచుగా పిలుస్తారు.


తెల్లకాగితం
మార్చి 4, ఉదయం 10:20

ఆరు సెంటీమీటర్లంటే చిన్నదా? ఎందుకు ఆగడం? లేజర్‌తో కాల్చేస్తారని చదివాను. వెంటనే చేయించుకోండి. నేనైతే ఒక్క రోజు కూడా ఆగేదాన్ని కాదు.


ధ్వనిచిత్రం
మార్చి 4, మధ్యాహ్నం 1:05

చేస్తారు. కణితికి రక్తం తెచ్చే నాళాన్ని గర్భాశయంలోకి సన్నని గొట్టం పంపి లేజర్‌తో మూసేస్తారు. కొన్నిచోట్ల ఆ నాళంలోకి ఆల్కహాల్ ఎక్కించడం, సన్నని లోహపు చుట్టలు పెట్టడం కూడా చేశారు. అయితే ఇవన్నీ బిడ్డ గుండె అలసిపోతున్న సూచనలు కనిపించినప్పుడు తీసుకునే నిర్ణయాలు. ఈ కణితికి రక్తం తెచ్చే నాళాలు తరచుగా బొడ్డుతాడు మొదట్లోనే ఉంటాయి. ఒక్క అడుగు పక్కకు పడితే మూసేది కణితి నాళాన్ని కాదు, బిడ్డ ప్రాణనాళాన్ని. నాళం చిట్లి రక్తం పోవచ్చు, ఉమ్మనీటి పొర ముందే చిరగవచ్చు. బాగున్న బిడ్డను ఆ అపాయంలోకి ఎవరూ నెట్టరు. సెంటీమీటర్లు మనల్ని అప్రమత్తం చేయడానికే తప్ప శిక్ష వేయడానికి కాదు. 8 సెంటీమీటర్ల కణితిలో రక్తప్రవాహం దాదాపు లేక, బిడ్డ హాయిగా నెలలు నిండి పుట్టడం చూశాను. 5 సెంటీమీటర్ల దానితో రోజూ స్కానింగ్ చేయాల్సి రావడమూ చూశాను.


తొలకరి
మార్చి 4, మధ్యాహ్నం 2:30

ధ్వనిచిత్రం గారూ, కాలువ గండి మాట మా ఆయనకు చదివి వినిపించాను. నిన్నటి నుంచి ఆయన మొదటిసారి “ఓహో” అన్నారు. ఒక సందేహం. మొదటిచోట దీన్ని ఫైబ్రాయిడ్ అని ఎలా అనుకున్నారు? కోపంతో అడగడం లేదు. సరే, కొంచెం కోపంతోనే అడుగుతున్నాను.


ధ్వనిచిత్రం
మార్చి 4, రాత్రి 9:10

బూడిదరంగు బొమ్మలో రెండూ గుండ్రని గడ్డలే. ఫైబ్రాయిడ్ గర్భాశయ గోడలో, అంటే తల్లి వైపు ఉంటుంది. రక్తప్రవాహం ఎక్కువగా దాని అంచుల చుట్టూ కనిపిస్తుంది. కోరియోయాంజియోమా బిడ్డ వైపు ఉపరితలం నుంచి ఉమ్మనీటిలోకి ఉబ్బి ఉంటుంది. డాప్లర్ పెడితే లోపల నాళాలు కనిపిస్తాయి. మేము చేసే ఒక చిన్న పరీక్ష చెబుతాను. గడ్డ లోపలి నాళంలో నాడి లెక్కిస్తాం. నిమిషానికి 80 వస్తే అది తల్లి రక్తం. 140 వస్తే బిడ్డది. మాయ కింద రక్తం గడ్డకట్టి ఉంటే అక్కడ నాడే ఉండదు. డాప్లర్ మీట నొక్కని స్కానింగులో ఈ తేడా దొరకదు. మీ కోపం అన్యాయమని నేను అనను.


ఆకుపచ్చకలం
మార్చి 5, రాత్రి 12:25

నాదీ వేరే కణితి కథే. అయినా ఈ చర్చ తర్వాత చదివేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా బాబుకు 33వ వారంలో తొడ మీద వాపు కనిపించింది. “హెమాంజియోమా, పుట్టాక తగ్గిపోతుంది” అన్నారు. ఆ ఒక్క మాట నమ్మి కూర్చున్నాం. పుట్టినప్పుడు తొడ ఊదారంగులో, రాయిలా గట్టిగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. రెండో రోజుకు ఒంటి మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ప్లేట్‌లెట్లు 9,000. లక్షన్నర ఉండాల్సిన చోట! రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ కూడా అడుగంటింది. అప్పుడు చెప్పారు అసలు పేరు: కాపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా. ప్లేట్‌లెట్లను ఆ కణితే పట్టి మింగేస్తోందట. ఆ స్థితిని కాసాబాక్ మెరిట్ అంటారు.

నేను డాక్టర్లతో పోట్లాడిన సంగతి కూడా చెప్పాలి. ప్లేట్‌లెట్లు 9,000 ఉంటే ఎక్కించరా అని అరిచాను. రక్తస్రావం లేకపోతే, శస్త్రచికిత్స అవసరం లేకపోతే ఎక్కించకపోవడమే మంచిదన్నారు. ఎక్కించినవన్నీ కణితిలో చిక్కుకుని అది ఇంకా ఉబ్బుతుందట. నాకు అది సాకులా వినిపించింది. తర్వాత ఒకసారి తప్పనిసరై ఎక్కించినప్పుడు తొడ ఎలా బిగుసుకుపోయిందో కళ్లారా చూశాను. స్టెరాయిడ్, దానితో పాటు సిరోలిమస్ అనే మందు మొదలుపెట్టారు. మూడో వారానికి ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి.


సూక్ష్మదర్శిని
మార్చి 5, ఉదయం 7:40

ఆకుపచ్చకలం గారి పోస్టులోని “హెమాంజియోమా అన్నారు” అనే మాట దగ్గర నన్ను కాస్త ఆగనివ్వండి. నేను పాథాలజిస్టును. ఈ ఒక్క పదం తెచ్చిపెట్టిన గందరగోళం అంతా ఇంతా కాదు. ఎర్రగా, రక్తనాళాలతో నిండిన ప్రతిదానికీ ఆ పేరు తగిలించడం వైద్యుల పాత అలవాటు. 1982లో మల్లికెన్, గ్లోవాకీ అనే ఇద్దరు దీన్ని చక్కదిద్దారు. నాళపు కణాలు తామరతంపరగా పెరిగేవి కణితులని, నాళాలు తప్పుగా అల్లుకున్నవి వైకల్యాలని విడదీశారు. తర్వాత ఈ జబ్బులను పరిశోధించే అంతర్జాతీయ సంఘం ఆ పునాది మీదే వర్గీకరణ తయారుచేసింది.

పసిపిల్లల బుగ్గ మీద స్ట్రాబెర్రీలా కనిపించేది ఇన్‌ఫాంటైల్ హెమాంజియోమా. అది పుట్టిన తర్వాత మొదటి వారాల్లో మొలిచి, నెలల తరబడి పెరిగి, ఏళ్ల మీద కరుగుతుంది. కడుపులో ఉండగా స్కానింగులో పెద్ద గడ్డలా కనిపించేది సాధారణంగా అది కాదు. గర్భంలోనే పూర్తిగా పెరిగి పుట్టే జాతి వేరు, దాన్ని కంజెనిటల్ హెమాంజియోమా అంటాం. సూక్ష్మదర్శిని కింద మొదటిదానిలో గ్లట్‌1 అనే ప్రోటీన్ రంగు పట్టుకుంటుంది, రెండోదానిలో పట్టుకోదు. బాబుకు వచ్చినది మూడో జాతి. 1993లో దానికి కాపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా అనే పేరు పెట్టారు. కాసాబాక్, మెరిట్ తమ రోగి గురించి రాసినది 1940లో. అప్పటినుంచి యాభై ఏళ్లకు పైగా ప్లేట్‌లెట్లను మింగేది మామూలు హెమాంజియోమానే అని పుస్తకాలన్నీ రాశాయి. అది ఈ మూడో జాతి పని, దాని దగ్గరి చుట్టమైన టఫ్టెడ్ యాంజియోమా పని అని 1997లో గానీ తేలలేదు.

పేరు సరిగా పెట్టడం పండితుల గొడవ అనుకునేవారికి ఆ తొడ చూపించాలి.


కోనేటిమెట్టు
మార్చి 5, సాయంత్రం 4:45

మా పాపది ఆ రెండో జాతి. అందులోనూ త్వరగా కరిగిపోయే రకం, రిచ్ అంటారు. (ధనికురాలివి అయ్యావని మా అన్నయ్య ఆటపట్టించేవాడు.) 30వ వారంలో 5 సెంటీమీటర్లు ఉంది. 34వ వారానికి గుండె కొంచెం పెద్దదైంది, ఇక్కడా అదే గండి కథ. సాధారణ కాన్పులో కణితి ఒరుసుకుపోయి రక్తం కారవచ్చని 37వ వారంలో ఆపరేషన్ చేసి తీశారు. పుట్టిన కొత్తలో ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి వాటంతట అవే పెరిగాయి. ఆరు నెలలకు సగమైంది, పదకొండో నెలకు వదులు చర్మం మిగిలింది. అక్కడ జుట్టు పలచగా ఉంటుంది, అంతే.


తెల్లకాగితం
మార్చి 5, సాయంత్రం 6:00

మా బంధువుల పాపకు ప్రొప్రనలాల్ అనే మందు ఇస్తే నెల రోజుల్లో కణితి వాడిపోయింది. తొలకరి గారు ఇప్పటినుంచే వేసుకుంటే కణితి తగ్గదా?


సూక్ష్మదర్శిని
మార్చి 5, రాత్రి 8:15

వద్దు. దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. ప్రొప్రనలాల్ గుణం 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో అనుకోకుండా బయటపడింది. స్టెరాయిడ్ వల్ల గుండె కండరం మందమైన ఒక బిడ్డకు గుండె కోసం ఆ మందు ఇస్తే ముఖం మీది కణితి వాడిపోయింది. అది ఇన్‌ఫాంటైల్ హెమాంజియోమా. మీ బంధువుల పాపదీ అదే అయి ఉంటుంది. మాయలోని కణితికి గానీ, రిచ్‌కు గానీ అది మందు కాదు. పైగా భారం మోస్తున్న బిడ్డ గుండెను అది ఇంకా నెమ్మదింపజేస్తుంది.


నిర్వాహకురాలు
మార్చి 5, రాత్రి 9:00

తెల్లకాగితం గారూ, మందుల పేర్లతో సూచనలు చేయవద్దన్నది ఇక్కడి నియమం. పోస్టును తీసేయడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి.


తొలకరి
మార్చి 17, సాయంత్రం 5:20

25 వారాల 2 రోజులు. కణితి 7 సెంటీమీటర్లు. ఉమ్మనీరు 29. పొట్ట బిగుసుకుపోయి ఊపిరి ఆడడం లేదు. ఎంసీఏ 1.35. గుండె కొంచెం పెద్దదిగా ఉందట, నీరు ఎక్కడా చేరలేదట. ఇకనుంచి వారానికి రెండుసార్లు స్కానింగ్. ఉమ్మనీరు ఎందుకు పెరుగుతోందని అడిగితే కణితి నుంచి అన్నారు. కణితి నుంచి నీరు వస్తుందా?


ధ్వనిచిత్రం
మార్చి 17, రాత్రి 10:30

రెండు దారులు ఉన్నాయని అనుకుంటున్నాం. కణితి పైపొర పలచని నాళాలతో నిండి ఉంటుంది, వాటినుంచి ద్రవం ఊరుతుంది. రెండోది, గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తే బిడ్డ మూత్రపిండాలకూ ఎక్కువ చేరుతుంది, మూత్రం పెరుగుతుంది. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే కదా. నీరు పెరిగితే గర్భాశయం సాగి నొప్పులు ముందే రావచ్చు. అందుకే అవసరమైతే సూదితో కొంత తీసేస్తారు. నెమ్మదిగా తీస్తారు. ఒక్కసారిగా తీస్తే మాయ గోడ నుంచి ఊడే ప్రమాదం ఉంది.

మీ గురించి కూడా ఒక మాట. బిడ్డలో నీరు చేరే స్థితి వస్తే కొన్నిసార్లు తల్లి ఒళ్లు కూడా అద్దంలో బింబంలా వాచిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది. బ్యాలంటైన్ 1892లో గమనించిన సంగతి ఇది, పేరు కూడా మిర్రర్ సిండ్రోమ్. కాళ్లు, ముఖం వాచినా, తల పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా తర్వాతి స్కానింగ్ కోసం ఆగకండి.


వానమబ్బు
మార్చి 18, తెల్లవారుజాము 3:10

రాయాలా వద్దా అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. మాకు 26వ వారంలో తెలిసింది. 9 సెంటీమీటర్లు. అప్పటికే బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ నీరు ఉంది. లేజర్ చేయడానికి ఒప్పుకున్నాం. మర్నాడు గుండె ఆగిపోయింది. తప్పు ఎవరిదీ కాదని చెప్పారు. ఇప్పుడు నమ్ముతున్నాను, అప్పుడు నమ్మలేదు.

తొలకరి గారిని భయపెట్టడానికి కాదు. మీకు నీరు చేరకముందే తెలిసింది, వారానికి రెండుసార్లు చూస్తున్నారు. మాకు ఆ అవకాశం దొరకలేదు. దాన్ని వదులుకోకండి, అలసిపోయినా వెళ్లండి.


తొలకరి
మార్చి 18, ఉదయం 9:00

వానమబ్బు గారూ, మీరు రాసినందుకు భయపడలేదు. రెండుసార్లు చదివాను. పాపా, బాబా?


వానమబ్బు
మార్చి 18, ఉదయం 9:40

పాప. అడిగినందుకు సంతోషం. ఎవరూ అడగరు.


తొలకరి
ఏప్రిల్ 7, రాత్రి 10:50

28 వారాల 2 రోజులు. ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. శుక్రవారం ఎంసీఏ 1.6కు పోయింది. నిన్న బిడ్డకు కడుపులోనే రక్తం ఎక్కించారు. ముందు తీసిన చుక్కలో హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఎక్కించాక 11. మామూలుగా బొడ్డుతాడు మొదట్లో సూది వేస్తారట. నాకు అక్కడ కణితి అడ్డంగా ఉంది కాబట్టి బిడ్డ కాలేయంలోని సిర దాకా సూది పంపారు. బిడ్డ కదలకుండా మందు ఇచ్చారు. నేను స్క్రీన్ చూస్తూనే ఉన్నాను. రక్తం లోపలికి వెళ్తున్నప్పుడు తెల్లటి మెరుపులు కనిపించాయి. ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు, 24 గంటల తేడాతో ఇచ్చారు. ఉమ్మనీరు 1,400 మిల్లీలీటర్లు తీశారు. నిన్న రాత్రి మూడు వారాల తర్వాత వెల్లకిలా కాసేపు పడుకోగలిగాను.

రక్తం ఎందుకు తగ్గిందో ఎవరైనా చెబుతారా? నాకు ఎక్కడా రక్తస్రావం లేదు.


సూక్ష్మదర్శిని
ఏప్రిల్ 8, ఉదయం 7:05

కణితిలోని నాళాలు వంకరటింకర సందులు. అందులో ఎర్ర కణాలు నలిగి చితుకుతాయి, ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. కొన్నిసార్లు బిడ్డ రక్తం మెల్లగా తల్లి రక్తంలోకి కారిపోతుంది, తల్లికి తెలియనే తెలియదు. మీ రక్తంలో బిడ్డ కణాలు ఉన్నాయేమో లెక్కించే క్లైహావర్ పరీక్ష చేసి ఉంటారు, ఫలితం అడగండి.

గర్భంలోని బిడ్డకు మొదటిసారి రక్తం ఎక్కించినది 1963లో, న్యూజిలాండ్‌లో విలియం లైలీ. అప్పుడు బిడ్డను చూపించే స్కానింగ్ లేదు. ఎక్స్‌రే ఆధారంగా బిడ్డ పొట్టలోకి రక్తం వదిలాడు. అది తల్లీబిడ్డల రక్తపు గ్రూపులు పొసగక వచ్చే రీసస్ జబ్బు కోసం కనిపెట్టిన విద్య. మొన్న మీకు అక్కరకు వచ్చింది.


ఆకుపచ్చకలం
ఏప్రిల్ 8, ఉదయం 11:30

ఎక్కించిన రక్తం ఎవరిదో గానీ, వారికి దండం. మా బాబు రక్తపు సంచీ మీద అంకెలు తప్ప పేరు ఉండేది కాదు. ఆ అంకెలను నేను పుస్తకంలో రాసి పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు.


తొలకరి
ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:15

31 వారాల 2 రోజులు. ఒక వింత జరిగింది. పోయిన వారం నుంచి కణితిలో రక్తప్రవాహం తగ్గుతోందట. ఈరోజు స్కానింగులో మధ్యలో రంగే లేదు. ఎంసీఏ 1.2, ఉమ్మనీరు 22, గుండె పరిమాణం మళ్లీ హద్దుల్లోకి వచ్చింది. “దానికది ఎండిపోతోంది” అన్నారు డాక్టరు గారు. ఇలా జరుగుతుందా, నన్ను ఊరడించడానికి చెప్పారా?


ధ్వనిచిత్రం
ఏప్రిల్ 28, రాత్రి 8:40

జరుగుతుంది. లోపలి నాళాల్లో రక్తం గడ్డకట్టి కణితి తనంతట తానే చచ్చుబడడం కొందరిలో చూస్తాం. ఒక్కోసారి సున్నం పేరుకుంటుంది కూడా. పరిమాణం అలాగే ఉంటుంది, ఆకలి చచ్చిపోతుంది. మొదటి రోజున ఎందుకు లేజర్ వద్దన్నానో తెల్లకాగితం గారికి ఇప్పుడు ఇంకా బాగా చెప్పగలను. అందరికీ ఇలా జరగదు కాబట్టి ఆ రోజు ఈ మాట చెప్పలేదు. స్కానింగులు మాత్రం మానవద్దు. కణితి మళ్లీ రక్తం లాగవచ్చు, మాయలో మిగిలిన భాగం సరిపోక బిడ్డ ఎదుగుదల మందగించవచ్చు.


తెల్లకాగితం
ఏప్రిల్ 28, రాత్రి 9:25

ఒప్పుకుంటున్నాను. ఆ రోజు తొందరపడ్డాను. తొలకరి గారూ, మీ పోస్టు కోసం రోజూ చూస్తున్నాను.


తొలకరి
మే 29, ఉదయం 5:30

35 వారాల 2 రోజులకు, 26వ తేదీన నొప్పులు వచ్చాయి. పాప. 2,150 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. నేనూ. హిమోగ్లోబిన్ 13, ప్లేట్‌లెట్లు 92,000. గుండె స్కానింగ్ చేశారు, కొంచెం మందంగా ఉంది, నెలకు మళ్లీ చూస్తామన్నారు. రెండు రోజులు ఊపిరికి గాలి సాయం అవసరమైంది. ఈ ఉదయం తీసేశారు. మాయను పరీక్షకు పంపారు.

వానమబ్బు గారూ, మీకు ముందే విడిగా సందేశం పంపాను. చూశారా?


వానమబ్బు
మే 29, ఉదయం 6:10

చూశాను. ఏడ్చాను, మంచి ఏడుపే.


కోనేటిమెట్టు
మే 29, ఉదయం 7:00

పాపను ఒకసారి నా తరఫున ఎత్తుకోండి. తల్లికి శుభాకాంక్షలు చెప్పేవాళ్లే గానీ నిద్రపొమ్మనేవాళ్లు ఉండరు. నిద్రపోండి.


తొలకరి
జూన్ 11, రాత్రి 8:20

మాయ రిపోర్టు వచ్చింది: “కోరియోయాంజియోమా, 7.4 సెంటీమీటర్లు, విస్తృతమైన ఇన్‌ఫార్క్షన్ (రక్తం అందక చచ్చుబడడం), సున్నం పేరుకున్న ప్రదేశాలు, క్యాన్సర్ లక్షణాలు లేవు.” పాప ప్లేట్‌లెట్లు 2,40,000. సూక్ష్మదర్శిని గారూ, ఇది పాపలో మళ్లీ ఎక్కడైనా మొలుస్తుందా? తర్వాతి గర్భంలో వస్తుందా?


సూక్ష్మదర్శిని
జూన్ 11, రాత్రి 10:00

మాయతోనే కణితి బయటికి వచ్చేసింది. అది విత్తనాలు చల్లే జబ్బు కాదు. మళ్లీ రావడం అసాధారణం. అయినా తర్వాతి గర్భంలో 20వ వారం స్కానింగు చేసేవారికి ఈ రిపోర్టు చూపించి, మాయ మీద డాప్లర్ పెట్టమని అడగండి. ఈ కణితి ఉన్న కొందరు పిల్లల ఒంటి మీద చర్మపు హెమాంజియోమాలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. పాప చర్మం మీద మొదటి నెలల్లో ఎర్రటి మచ్చ పెరుగుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. రిపోర్టు నకలు రెండు చోట్ల దాచండి. ఆసుపత్రులు పోగొడతాయి.


ఆకుపచ్చకలం
జూన్ 12, ఉదయం 9:15

మా బాబు సంగతి కూడా రాయమని కొందరు అడిగారు. ఇప్పుడు రెండేళ్లు. సిరోలిమస్ మెల్లగా తగ్గిస్తున్నారు. ఆ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి ప్రతి జ్వరానికీ పరుగే. కణితి పూర్తిగా పోలేదు, పోకపోవచ్చునట. మోకాలు పూర్తిగా చాచలేడు, వ్యాయామం చేయిస్తున్నాం. కుంటుతూనే పరిగెడతాడు, పట్టుకోవడం మా వల్ల కాదు.


మొదటిమెట్టు
జూన్ 20, రాత్రి 11:05

కొత్త సభ్యురాలిని. మొత్తం చదివాను. నాకు 22 వారాలు. మాయలో 2.3 సెంటీమీటర్ల కోరియోయాంజియోమా అన్నారు. డాప్లర్ గురించి రిపోర్టులో ఏమీ లేదు. భయపడాలా?


ధ్వనిచిత్రం
జూన్ 21, ఉదయం 8:30

ఆ పరిమాణంలో ఉన్నవి చాలావరకు ఏ ఇబ్బందీ పెట్టవు. కొన్ని వారాలకోసారి కొలిచి, పెరగడం లేదని చూస్తే చాలు. డాప్లర్ మాత్రం అడిగి చేయించుకోండి. లోపల ప్రవాహం ఉందా, నాడి ఎంత, బిడ్డ మెదడు ధమనిలో వేగం ఎంత, ఉమ్మనీరు ఎంత అని రాయించుకోండి.


తొలకరి
జూన్ 21, ఉదయం 8:55

మొదటిమెట్టు గారూ, ఆ “కానీ” తర్వాత డాక్టరు చెప్పేది కాగితం మీద రాసుకోండి. నాలా వదిలేయకండి. పాప లేచింది, మళ్లీ వస్తాను.


మొదటిమెట్టు
జూన్ 21, ఉదయం 10:10

25న డాప్లర్‌కు సమయం దొరికింది. అంకెలు ఇక్కడ పెడతాను.